‘ఇస్కూలు’ వెనుక చరిత్ర

గ్రీకు భాషలో ‘స్ఖొలే’ అంటే తీరిక. తీరిక వేళల విద్యాగోష్ఠికి, పిదప ఆ గోష్ఠి జరిగే చోటుకు ఆ పేరే స్థిరపడింది. రోమనులు దానిని ‘స్కొలా’గా లాటినులోకి స్వీకరించారు.

క్రీ.పూ. 218లో స్పెయిను గడ్డపై రోమను సేనలు అడుగిడినాయి. క్రీ.పూ. 58లో సీజరు నేటి ఫ్రాన్సు ప్రాంతంలో దండయాత్రలు ఆరంభించాడు. సేనల వెంట లాటిను వ్యాపించింది. అయితే సామాన్య జనులు పదాదిని ‘స్క’ అనే సంయుక్తాక్షరానికి ముందొక అచ్చు చేర్చి పలికారు. రోమను కాలపు శాసనాలలోనే ఇట్టి రూపాలు కానవస్తాయి. ఆ పలుకుబడి నుండే స్పానిషు ‘ఎస్కువేలా’, పోర్చుగీసు ‘ఎస్కోలా’, ప్రాచీన ఫ్రెంచి ‘ఎస్కోల్’ పుట్టాయి. ఫ్రెంచివారి ఉచ్చారణలో సకారం లోపించింది. 1740 నాటి ఫ్రెంచి అకాడమీ నిఘంటువు వ్రాతలోనూ దానిని తొలగించి ‘ఎకోల్’ రూపాన్ని నిలిపింది. ఇటాలియను మాత్రం అచ్చు లేని ‘స్కువోలా’నే నిలుపుకొన్నది.

ఇంగ్లీషు ‘స్కూలు’ను మన పెద్దలు ‘ఇస్కూలు’ అన్నారు. రోమను సామ్రాజ్యపు సామాన్యుడు చేసినదీ అదే. అక్కడ ఆ పలుకు గ్రంథభాషకు ఎక్కింది. ఇక్కడ పరిహాసానికి గురియైనది. పిల్లవాని ఉచ్చారణను ఉపాధ్యాయులు సరిదిద్దవచ్చు. వాని ఇంటి పలుకును చులకన చేయరాదు.