నస్పూర్ భూమి: పహాణీలో గడి లేని వాళ్లు

నస్పూర్ చరిత్ర అనంగనే బొగ్గుబాయి నుంచి మొదలుపెట్టడం అలవాటైంది. బొగ్గు కన్నా ముందు ఇక్కడ భూమి ఉన్నది. దాని మీద ఎవరి చెమట పడ్డది, ఎవరి పేరు పడ్డది అని అడిగితే ఈ చరిత్ర వేరే తీరుగ కనపడుతుంది.

గోదావరి ఎడమ ఒడ్డున, మంచిర్యాలను ఆనుకొని ఉన్న ఊరిది. నిజాం కాలంలో ఈ ప్రాంతపు ఊళ్లల్ల చెరువుల కింది తరి భూములు ఎక్కువగా దొరల, పటేల్ పట్వారీల చేతుల్లో ఉండేవి. మాల, మాదిగ, నేతకాని వాడలకు దక్కింది జీతం, వెట్టి, మహా అయితే ఓ చెలక ముక్క. అప్పు కింద తండ్రి జీతముంటే కొడుకు కూడా ఉండాల్సిందే. ఈ భగేలా పద్ధతిని కట్టడి చేస్తూ 1936లో నిజాం ప్రభుత్వం నిబంధనలు తెచ్చింది. కట్టడి కాగితం మీదనే ఆగింది.

1954-55 ఖాస్రా పహాణీ తెలంగాణ భూముల లెక్కకు మూలం. అందులో పట్టాదారుకు గడి ఉన్నది, కాస్తుదారుకు గడి ఉన్నది. నాగలి పట్టిన జీతగానికి, నాట్లేసిన ఆడకూలికి గడి లేదు. ఇది రాసినోడు మరిచిన సంగతి కాదు. శ్రమను హక్కుగా ఎంచని కులవ్యవస్థ రాత.

1929లో కాజీపేట-బల్లార్షా రైలుమార్గం పూర్తయింది. సింగరేణి గనులు బెల్లంపల్లి, మందమర్రి, శ్రీరాంపూర్ దాకా విస్తరించినయి. నస్పూర్ చుట్టూ ఆర్కే బాయిలు లేచినయి. తట్టా చెమ్మస్ పట్టిన ఫిల్లర్లలో దళితులు పెద్ద సంఖ్యలో ఉండిరి. దొర పొలంలో కలలో కూడా లేని నెల జీతం, యూనియన్, క్వార్టర్ వాళ్లకు బాయి ఇచ్చింది. ఇది చిన్న మార్పు కాదు. కానీ భూమి పోతే పరిహారం పట్టాదారుకే. కూలి పోయిన కుటుంబానికి లెక్క లేదు. 1952 గనుల చట్టం ఆడవాళ్లను భూగర్భంలోకి దిగనియ్యలేదు. ఆ ఆంక్ష 2019లో గాని సడలలేదు. అంటే నాట్లేసిన ఆమెకు పొలమూ పోయింది, బాయీ దక్కలేదు.

1990ల మొదట్లో లక్షకు పైగా ఉన్న సింగరేణి కార్మికులు ఇప్పుడు అందులో సగం కూడా లేరు. అటు కొలువు తగ్గింది, ఇటు జాగ ధర పెరిగింది. 2018లో నస్పూర్ మున్సిపాలిటీ అయింది. 2023లో ఇక్కడే మంచిర్యాల జిల్లా కలెక్టరేట్ తెరిచిండ్రు. 2025లో ఊరు మంచిర్యాల కార్పొరేషన్‌లో కలిసింది. సింగరేణి తిరిగి అప్పగించిన జాగల్లో ఇండ్లు కట్టుకున్నవాళ్లకు 2019 నాటి జీవో 76 కింద పట్టాలు వచ్చినయి. మంచిదే. అయితే ఇక్కడ కూడా హక్కు నిలబడ్డది ఇల్లు కట్టుకోగలిగిన వానికే.

భూసేకరణలో కూలీని కూడా బాధిత కుటుంబంగా గుర్తించింది 2013 చట్టం. భూమి పోవడానికి ముందు మూడేండ్లు అక్కడే పనిచేసి, బతుకుదెరువు దాని మీదనే ఉంటే చాలు, సెంటు భూమి లేకున్నా సరే. నస్పూర్ బాయిల్లో చాలామటుకు అంతకు ఎంతో ముందువి. కనుక ఆ చట్టం మనకు పాత బాకీ తీర్చదు. కొత్త సేకరణల్లో మాత్రం ఆయుధమవుతుంది. దానికి రుజువు కావాలె. రుజువు పహాణీలో దొరకదు, వాడకట్టు ముసలోళ్ల నోట్లో ఉన్నది. ఏ సర్వే నంబరులో ఎవరు దున్నిండ్రు, ఎవరు నాటిండ్రు, ఎవరు నీరు పారించిండ్రు అన్నది విద్యార్థులు, కార్యకర్తలు వాడవాడకు పోయి రాసిపెట్టాలె. లేని గడిని మనమే గీయాలె. వాళ్లు ఉండగానే ఆ పని జరగాలె.