పెట్టుబడి ఎవరిది, నష్టం ఎవరిది? మాహిం కట్ట, కర్నూలు–కడప కాలువ: ఒక తులనాత్మక పరిశీలన

వలస పాలనలో కట్టిన వంతెనలు, కాలువల గురించి రాసేటప్పుడు ఎవరు కట్టారు, ఎంత గట్టిగా కట్టారు అన్న ప్రశ్నల దగ్గరే మన చరిత్ర రచన ఎక్కువగా ఆగిపోతోంది. డబ్బు ఎవరు పెట్టారు, నష్టం వస్తే భారం ఎవరి నెత్తిన పడింది అన్న ప్రశ్న వెనకబడింది. నిజానికి పెట్టుబడి షరతులే ప్రణాళిక రూపురేఖలను చాలావరకు నిర్ణయించాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తోంది. అందుకు రెండు నిర్మాణాలను పక్కపక్కన పెట్టి చూస్తోంది. ఒకటి బొంబాయి, సాల్సెట్టి దీవులను కలిపిన మాహిం కట్ట. రెండోది నంద్యాల ప్రాంత రైతులు కె.సి. కాలువ అని పిలుచుకునే కర్నూలు–కడప కాలువ. పరిమాణంలో ఈ రెంటికీ పొంతన లేదు. డబ్బు సమకూర్చిన తీరులోని తేడా మాత్రం చాలా విషయాలు చెబుతుంది.

దీవుల మధ్య కట్టలు

బొంబాయి ఒకప్పుడు ఏడు దీవుల సముదాయం. వాటిని కలిపే పని 18వ శతాబ్దంలో ఊపందుకుంది. గవర్నర్ విలియం హార్న్‌బీ పేరు మీద నిలిచిన కట్ట 1784 నాటికి పూర్తయి, ఆటుపోట్లకు మునిగే పల్లపు నేలల్లోకి సముద్రం రాకుండా ఆపింది. అలా నివాసయోగ్యమైన నేలల్లోనే తర్వాత కామాఠీపుర వెలిసింది. నిజాం రాజ్యంలోని తెలుగు ప్రాంతాల నుంచి వలస వెళ్లి, నగర నిర్మాణంలో రాళ్లు మోసి, గోడలు కట్టిన కామాఠీల వల్లే దానికి ఆ పేరు వచ్చింది. బొంబాయి కట్టల చరిత్ర తెలుగువారికి పరాయిది కాకపోవడానికి ఇదొక కారణం.

గవర్నర్ జోనాథన్ డంకన్ కాలంలో సయాన్ దగ్గర సాల్సెట్టికి మరో కట్ట వేశారు. 1798లో మొదలైన ఆ పని 19వ శతాబ్దం తొలి ఏళ్లలో ముగిసింది. దాని మీద నడిచేవారి నుంచి సుంకం వసూలు చేశారు. అంటే ఖర్చును వాడుకునేవారే తిరిగి చెల్లించారు.

మాహిం, బాంద్రాల మధ్య మాత్రం 1840ల దాకా పడవే దిక్కు. వానాకాలంలో ఆ కయ్య దాటడం ప్రాణాలతో చెలగాటం. ఖర్చంతా తానే పెట్టుకోవడానికి కంపెనీ ప్రభుత్వం సిద్ధపడలేదు. పార్సీ వర్తకుడు జంషెడ్జీ జీజీభాయ్ భార్య ఆవాబాయి ముందుకొచ్చి, లక్షా యాభై వేల రూపాయలకు పైగా విరాళమిచ్చారు. కట్ట మీద సుంకం వసూలు చేయకూడదన్నది ఆమె షరతు. 1843లో మొదలైన పని 1845లో ముగిసి, గవర్నర్ జార్జ్ ఆర్థర్ చేతుల మీదుగా రాకపోకలు మొదలయ్యాయి.

ఇక్కడ రెండు సంగతులు గమనించాలి. కట్ట అవసరాన్ని ఎవరూ ఊహించి చెప్పనక్కర్లేదు. రోజూ పడవ దాటే జనమే దానికి రుజువు. పెట్టుబడి పెట్టిన మనిషికి తిరిగి రావలసిన లాభమూ లేదు. కాబట్టి రాబడిని పెంచి చూపాల్సిన అగత్యం ప్రణాళిక వేసినవారికి కలగలేదు.

సుంకేసుల నుంచి కడప దాకా

కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను 1839లో తొలగించాక ఈ సీమ నేరుగా కంపెనీ పాలనలోకి వచ్చింది. ధవళేశ్వరం ఆనకట్ట 1847–1852 మధ్య పూర్తయి గోదావరి డెల్టా దశ మార్చింది. ఆ విజయంతో దాన్ని కట్టిన ఇంజనీరు సర్ ఆర్థర్ కాటన్ మాటకు లండన్‌లో విలువ పెరిగింది. తుంగభద్ర నీటిని కర్నూలు, కడపల మీదుగా పెన్నకు, అక్కడి నుంచి తూర్పు తీరానికి చేర్చాలని, కాలువలు పొలాలు తడపడంతో పాటు పడవలూ నడపాలని ఆయన సంకల్పం. దాన్ని అమలు చేయడానికి 1850ల చివర మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ ఏర్పడింది.

10 లక్షల పౌండ్ల మూలధనంపై ఏటా 5 శాతం వడ్డీకి ప్రభుత్వం హామీ ఇచ్చింది. రైల్వే కంపెనీలకు ఇచ్చిన హామీ కూడా ఇలాంటిదే. లెక్క వేస్తే ఏడాదికి 50,000 పౌండ్లు. కాలువలో నీరు పారినా పారకపోయినా, రైతు తీసుకున్నా తీసుకోకపోయినా లండన్‌లోని వాటాదారుకు వడ్డీ అందుతుంది. లోటు పడితే పూడ్చేది భారత ఖజానా. ఆ ఖజానా నింపే శిస్తు కట్టినవారిలో నంద్యాల లోయ రైతులూ ఉన్నారు.

నిర్మాణం 1863–1870 మధ్య సాగింది. సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట వేసి, కర్నూలు దగ్గర హంద్రీ మీదుగా అక్విడక్టు కట్టి కాలువను దాటించారు. నంద్యాల లోయలో నిప్పులవాగు, గాలేరు, కుందూ ప్రవాహాలనే దారిగా వాడుకున్నారు. కాలువ పొడవు 300 కిలోమీటర్ల పైమాటే. ఇంజనీరింగ్ పరంగా ఇది చిన్న పని కాదు. అయితే అనుకున్న డబ్బు అనుకున్న పనిలో కొంత భాగానికి కూడా సరిపోలేదు. 1866లో ప్రభుత్వం మరో 6 లక్షల పౌండ్ల అప్పిచ్చి ఆదుకోవలసి వచ్చింది. కాలువ కడప దగ్గరే ఆగిపోయింది. తీరం దాకా పడవ దారి కాగితం మీదే మిగిలింది.

రైతు లెక్క

కాలువ సిద్ధమయ్యాక నీరు తీసుకునేవారు తక్కువయ్యారు. ఈ లోయలో నల్లరేగడి ఎక్కువ. వాన పదును చాలాకాలం నిలుపుకునే ఆ నేలలో జొన్న, కొర్ర, పత్తి కాలువ లేకుండానే పండేవి. వరి వేయాలంటే చేను చదును చేయాలి, మళ్లు కట్టాలి, కాడిఎద్దులు పెంచాలి, పైగా నీటి తీరువ కట్టాలి. మంచి వానలు పడిన ఏడాది ఆ ఖర్చంతా ఎందుకని రైతు వెనకాడడం సహజం. డెల్టా రైతు కోరుకున్న నీరే నల్లరేగడి రైతుకూ కావాలనుకోవడం ప్రణాళికలోని మూలదోషం. రాబడి హామీ దొరికిన కంపెనీకి ఆ తేడాను ముందుగా పరిశీలించాల్సిన ఒత్తిడి లేకపోయింది.

1876–78 కరువులో పరిస్థితి తిరగబడింది. వానలు లేని ఆ ఏళ్లలో కాలువ కింద సాగు ఒక్కసారిగా పెరిగింది. వానలు కురిశాక మళ్లీ తగ్గింది. 1871, 1881 జనగణనల మధ్య కర్నూలు జిల్లా జనాభా దాదాపు నాలుగో వంతు పడిపోయింది. కాలువ విలువ మీద లండన్‌లో జరిగిన వాదనలకు ఈ కరువు మరణాలే నేపథ్యం. 1878లో బ్రిటిష్ పార్లమెంటు సెలెక్ట్ కమిటీ ప్రజాపనులపై విచారణ జరిపినప్పుడు కాటన్ సాక్ష్యమిచ్చి, తన విధానాన్ని గట్టిగా సమర్థించుకున్నాడు. ప్రాణాలు నిలిపే కాలువను వాటాలాభంతో కొలవలేమన్న వాదనలో బలముంది. అయితే దాన్ని మొదట లాభసాటి పెట్టుబడిగా చూపించి డబ్బు పోగు చేసినవారు ఆ కొలతను తర్వాత తప్పించుకోలేరు. చివరికి 1882లో ప్రభుత్వమే కంపెనీ నుంచి కాలువను కొనేసింది.

ముగింపు

మాహింలో దాత నష్టాన్ని తెలిసి భరించింది. సయాన్‌లో బాటసారి తన వాడకానికి చెల్లించాడు. కర్నూలు–కడప కాలువలో నిర్ణయం ఒకరిది, లాభం మరొకరిది, భారం ఏ సంతకమూ పెట్టని రైతుది. మూడింటిలో అన్యాయమైన ఏర్పాటు ఇదే. కాలువ మాత్రం వృథా కాలేదు. నేడు దాని కింద రెండున్నర లక్షల ఎకరాలకు పైగా ఆయకట్టు ఉంది, 39.9 టీఎంసీల నీటి కేటాయింపు ఉంది. 1990లలో జపాన్ రుణంతో దాన్ని ఆధునికీకరించారు. శ్రీశైలం నీరు ఆత్మకూరుకు దగ్గరలోని బానకచెర్ల రెగ్యులేటర్ నుంచి నిప్పులవాగు మీదుగా దానికి చేరుతోంది. కంపెనీ ఒప్పందం విఫలమైంది. కాలువను నిలబెట్టింది ఆ తర్వాతి తరాల ప్రజాధనం, రైతుల శ్రమ.

గోదావరి నీటిని బానకచెర్లకు తేవాలన్న ప్రతిపాదనలు చర్చకు వచ్చాయి. ఏ రుణంతో, ఎవరి హామీతో, ఏ పంటకోసం, నష్టం వస్తే ఎవరి బాధ్యత మీద అన్న నాలుగు సంగతులను టెండర్లకు ముందే తెలుగులో ప్రజల ముందు పెట్టాలి. కె.సి. కాలువ విషయంలో 1860లలో ఆయకట్టు రైతుకు దక్కని ఆ హక్కును నేటి రైతుకు తప్పక దక్కనివ్వాలి.