పోరంబోకు గడ్డి చరిత్ర

రెవెన్యూ లెక్కల్లో పోరంబోకు, బంజరు, డొంక, చెరువుగట్టు అని రాసి ఉన్న నేలను పనికిరాని నేల అనడం మనకూ అలవాటైపోయింది. గుంటూరు, ప్రకాశం మైదానాల్లో మన తాతముత్తాతలు బతికింది ఆ నేల మీదే. ఎరుకలవాళ్లం అక్కడి ఈతాకు కోసి బుట్టలు, చాపలు అల్లాం. యానాదులం గట్లలో ఎలుకలు పట్టాం, పొదల్లో తేనె తీశాం. సుగాలీలం పశువులను మేపుకున్నాం. చేతిలో పట్టా లేదు గానీ కాలు పెట్టడానికి చోటుండేది.

మొదట చేజారింది అడవి అంచు. 1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత పశువు మేసే గడ్డి మీద కూడా సర్కారు అజమాయిషీ బిగిసింది. మేతకు కట్టే పన్నును పుల్లరి అన్నారు. 1921లో పల్నాడు జనం పుల్లరి కట్టబోమని ఎదురు తిరిగారు. 1922 ఫిబ్రవరిలో మించాలపాడులో కన్నెగంటి హనుమంతు పోలీసు కాల్పులకు బలయ్యాడు. పిల్లలకు దీన్ని స్వాతంత్ర్య పోరాటంగా చెబుతాం, నిజమే. తగాదా మొదలైంది గడ్డి దగ్గర అని కూడా చెప్పాలి.

మన వాళ్ల మీద ఇంకో కట్టడి ఉండేది. 1911లో నేరస్థ జాతుల చట్టాన్ని మద్రాసు ప్రెసిడెన్సీకీ వర్తింపజేశారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలో సాల్వేషన్ ఆర్మీ అజమాయిషీలో ఎరుకల కుటుంబాలను సెటిల్‌మెంటులో ఉంచారు. హాజరు వేయించుకోవాలి, పాసు లేకుండా కదలకూడదు. దేశమంతటా ఆ చట్టం రద్దయింది 1952లో. పాసు లేనిదే ఊరు దాటలేని మనిషి డొంకలో ఆకు కోయడానికి ఎలా వెళ్తాడు? ఏ పొదలో ఏ నెలలో పట్టు పెడుతుందో కొడుక్కి ఎలా చూపిస్తాడు? మన విద్య కొంత మరుగున పడడంలో ఈ చట్టానికీ వాటా ఉందని మేము అనుకుంటున్నాం.

1967లో నాగార్జునసాగర్ నీళ్లొచ్చాయి. కూలి దొరికింది, కాదనం. మేత భూములు చేలయ్యాయి, పత్తి పెరిగింది. 1980ల్లో పైరిథ్రాయిడ్ మందులు విపరీతంగా కొట్టారు. పురుగుతో పాటు పురుగును తినే సాలీడు, అక్షింతల పురుగు కూడా చచ్చాయి. తెల్లదోమ విరుచుకుపడింది. 1987-88లో ఈ రెండు జిల్లాల్లో పత్తి రైతులు వరసగా ప్రాణాలు తీసుకున్నారు. మందు డబ్బా వీపున మోసిన కూలీల్లో మనవాళ్లెందరో.

పత్తి పువ్వు పొద్దున లేత పసుపుగా విచ్చుకుని మర్నాటికి గులాబి రంగుకు తిరుగుతుంది. తేనెటీగకు పని ఉండేది ఆ మొదటి పూటే. పత్తి, మిరప తమ పుప్పొడితోనే కాయ కట్టగలవు, అయినా ఈగ తిరిగితే కాత మెరుగవుతుంది. ఆ ఈగ ఏడాదంతా పత్తి మీద బతకదు కదా. చేలు ఖాళీ అయ్యాక వేప, కానుగ, తంగేడు కావాలి. తొలకరి తర్వాత తుమ్మి, వెంపలి, పల్లేరు, గడ్డిచామంతి కావాలి. ఇవన్నీ ఎవరూ నాటనివి, గట్టున దొరికేవి.

ఇంగ్లండులో ప్లాంట్‌లైఫ్ అనే సంస్థ 2019 నుంచి మే నెలలో పచ్చిక కోయవద్దని ప్రచారం చేస్తోంది. వాళ్లకు మే పూల నెల. మన మే నెలలో గడ్డి ఎండి ఉంటుంది. ఇక్కడ కావాల్సింది ఎండాకాలంలో గట్టుకు నిప్పు పెట్టకపోవడం, తొలకరికి లేచిన మొలకను పూతదాకా ఉండనివ్వడం.

ఇప్పుడు మిగిలిన పోరంబోకు అంటే బడి ఆవరణ, కాలువ కట్ట, చెరువుగట్టు. పాముల మాటేమిటని టీచర్లు అడుగుతారు, అడగాల్సిందే. గదుల చుట్టూ, పిల్లలు నడిచే దారి, మరుగుదొడ్డి వైపు శుభ్రంగా ఉండాలి. ప్రహరీ వెంట ఒక పట్టీ వదిలినా చాలు. అన్ని మొక్కలూ ఉంచదగ్గవి కావు: తుత్తురుబెండ తెల్లదోమకు నెలవు, వయ్యారిభామ ఒంటికి దురద. వాటిని పూతకు ముందే పీకి, మిగతావి గింజ రాల్చాక కోయాలి.

ఉపాధి హామీలో చెరువుగట్టు చెక్కే కూలీలం కూడా మనమే, ఆ కూలి పోకూడదు. గట్టును గొరిగినట్టు చెక్కే బదులు సర్కారు తుమ్మ వేళ్లతో తీసే పని పెట్టమని గ్రామసభలో అడగవచ్చు. సర్కారు తుమ్మ పువ్వుకూ ఈగ వస్తుంది గానీ, దాని కింద తుమ్మి మొక్క లేవదు.