కారే ఫ్లష్ ట్యాంకుకు ఒక చరిత్ర ఉంది

కమోడ్ చరిత్ర రాసేవాళ్లు దాదాపు అందరూ ఒకే దారిన నడుస్తారు. 1596 నాటి సర్ జాన్ హారింగ్టన్, 1775లో పేటెంటు తీసుకున్న గడియారాల పనివాడు అలెగ్జాండర్ కమింగ్, 1778లో జోసెఫ్ బ్రామా, ఆ తర్వాత థామస్ క్రాపర్. మనిషి కంపునూ రోగాన్నీ ఎలా జయించాడన్నదే ఆ కథ. ట్యాంకు ఆగకుండా కారడం గురించి అందులో మాటే ఉండదు. ఆ తప్పు ఇంటివాళ్ల అశ్రద్ధ కిందో, ప్లంబర్ పనితనం కిందో జమ అయిపోతుంది. ఈ లెక్క సరికాదని నా అభిప్రాయం. ట్యాంకు కారాలా వద్దా అన్నది చాలావరకు ఇంటి బయట, నీటి నియమాల్లో తేలిన విషయం.

19వ శతాబ్దం నడిమి లండన్‌లో నీటి కంపెనీలు రోజుకు కొన్ని గంటలే నీళ్లు వదిలేవి. 1871 నాటి చట్టం రోజంతా నీళ్లివ్వడానికి దారి తీసింది. గొట్టంలో ఎప్పుడూ నీళ్లుంటే కారే ప్రతి తొట్టీ రాత్రింబగళ్లు కారుతూనే ఉంటుంది. అందుకే 1872 నిబంధనలు ప్రతి మరుగుదొడ్డి తొట్టికీ వృథాను ఆపే ఏర్పాటు ఉండి తీరాలనీ, ఒక్కసారికి రెండు గ్యాలన్లకు, అంటే సుమారు 9 లీటర్లకు, మించి నీళ్లు వదలకూడదనీ కట్టడి చేశాయి.

ఆ కట్టడికి బాగా కుదిరింది సైఫన్. తొట్టిలో ఒక గొట్టం నీటిమట్టం కంటే పైకి లేచి, వంపు తిరిగి కిందికి దిగుతుంది. గొలుసు లాగితే కొంత నీరు ఆ వంపు దాటుతుంది, మిగతాది దాని వెంటే వస్తుంది, గాలి చొరబడగానే ఆగుతుంది. గొలుసు లాగనప్పుడు వంపు నీటికి పైనే ఉంటుంది కాబట్టి కమోడ్‌లోకి కారే దారే లేదు. ఈ ఘనతను క్రాపర్‌కు కట్టబెట్టడం అలవాటైంది. 1969లో వాలెస్ రేబర్న్ రాసిన పుస్తకం దాన్ని మరింత ప్రచారంలో పెట్టింది. కానీ 1898 నాటి పేటెంటు ఆల్బర్ట్ గిబ్లిన్ పేరున ఉంది, సైఫన్ తొట్లు అంతకుముందే ఉన్నాయి. నేనైతే వ్యక్తుల కంటే నియమానికే పెద్దపీట వేస్తాను. 1872 నిబంధన సైఫన్‌నే వాడమనలేదన్నది నిజమే. అయినా తర్వాతి నియమావళుల్లో బ్రిటన్‌లో తొట్టి అడుగున ఉండే వాల్వుకు చోటు లేకుండా పోయింది. అలాంటి కట్టడి లేని అమెరికాలో తొట్టి అడుగున రంధ్రం, దాని మీద రబ్బరు మూతే నిలిచాయి.

సైఫన్‌కూ లోపాలున్నాయి. లోపలి పొర చిరిగితే ఫ్లష్ అవదు. నీళ్లు నింపే బాల్‌కాక్ అరిగితే తొట్టి పొంగుతుంది. కానీ ఆ పొంగు గోడ బయటికి పెట్టిన పైపులోంచి పడేది, దారినపోయేవాళ్లకు కూడా కనిపించేది.

బ్రిటన్‌లో 1999 నిబంధనలు సైఫన్, బయటి పైపు అనే ఈ రెండు రక్షణలనూ సడలించాయి. 2001 నుంచి ఫ్లష్ 6 లీటర్లకు తగ్గింది, వాల్వుకు అనుమతి వచ్చింది, పొంగిన నీటిని కమోడ్‌లోకే వదలవచ్చన్నారు. 1980లో ఆస్ట్రేలియాలో కరోమా సంస్థకు బ్రూస్ థాంప్సన్ రూపొందించిన రెండు బటన్ల పద్ధతి లాంటివి ఇలా బ్రిటన్‌లోకి రాగలిగాయి. చిన్న ఫ్లష్‌తో నీరు మిగిలే మాట నిజం. కానీ బ్రిటన్‌లో మరుగుదొడ్ల నుంచి రోజుకు 40 కోట్ల లీటర్లు కారిపోతున్నాయని 2020లో వాటర్‌వైజ్ అనే సంస్థ అంచనా వేసింది. అది అంచనాయే అయినా కొట్టిపారేయలేం.

మన ప్రభుత్వ క్వార్టర్లలో, రైల్వే క్వార్టర్లలో ఎత్తున వేలాడిన ఇనుప తొట్టి, గొలుసు ఆ సైఫన్ వంశానివే. చప్పుడు చేసేవి, తుప్పు పట్టేవి, రెండుసార్లు లాగాల్సి వచ్చేది. వాటి స్థానంలో వాల్వు ఉన్న ప్లాస్టిక్ ట్యాంకులు వచ్చాయి. బోరు నీళ్ల ఉప్పు ఆ వాల్వు వాషరు అంచున తెల్లగా గట్టిపడుతుంది, వేలితో తడిమితే గరుకు తెలుస్తుంది. ఆ గరుకు చాలు కారడానికి. మూత తీసి చూస్తే జబ్బు తెలిసిపోతుంది. నీళ్లు ఓవర్‌ఫ్లో గొట్టం అంచు దాకా ఉంటే తప్పు బాల్‌కాక్‌ది. అంచుకు కిందే ఉండి, యాంగిల్ కాక్ కట్టేశాక మట్టం దిగుతుంటే వాషరుది. ఇది ఇంట్లో ఎవరైనా చేసుకోగల పని.

అయితే మన ఇళ్లలో ఈ కారుడును ఓవర్‌హెడ్ ట్యాంకు దాచేస్తుంది. మోటారు ఇంకొంచెం సేపు తిరుగుతుంది, అంతే. రోజుకు 200 లీటర్లు కారినా నెలకు 6,000 లీటర్లు. హైదరాబాద్‌లో ఇంటికి ఉచితంగా ఇచ్చే 20,000 లీటర్లలో అది దాదాపు మూడో వంతు. వందకు పైగా కిలోమీటర్ల దూరం నుంచి పంపులతో తోడి తెచ్చే కృష్ణా నీళ్లకు ఈ గతి పట్టడం నాకు బాధగా ఉంది. ఇప్పుడు ట్యాంకును గోడలోనే పూడ్చేసి, బటన్ పలక వెనక చెయ్యి పట్టేంత సందు మాత్రమే మిగులుస్తున్నారు. దాన్ని నేను అభివృద్ధిగా ఒప్పుకోలేను. ఇల్లు కట్టడానికి అనుమతి ఇచ్చే అధికారులు పొంగు నీటి గొట్టం బయటికి కనిపించాలని ఒక్క షరతు పెట్టినా బాల్‌కాక్ చెడిన సంగతి అదే రోజు తెలుస్తుంది. వాషరు కారుడుకు ఆ షరతు సరిపోదు, సైఫన్ తిరిగి రావాల్సిందే.