టిప్పు సుల్తాన్ ఇనుప రాకెట్: మైసూరు నుంచి లండన్ దాకా

దీపావళికి మనం కాల్చే తారాజువ్వకు, మైసూరు సైన్యం వాడిన రాకెట్‌కు సూత్రం ఒక్కటే. మందు మండి పొగ వెనక్కి తన్నుతుంది, గొట్టం ముందుకు దూసుకెళ్తుంది. ఇలాంటి మందు బాణాలు హిందుస్తాన్ యుద్ధాల్లో ముందు నుంచీ ఉన్నవే. ఉర్దూలో వీటిని 'బాన్' అనేవారు. మరి హైదర్ అలీ, ఆయన కొడుకు టిప్పు సుల్తాన్ కొత్తగా చేసిందేంటి? గొట్టాన్ని ఇనుముతో చేయించారు.

వినడానికి చిన్న మార్పే, కానీ కథంతా అందులోనే ఉంది. కాగితం గొట్టంలోనో వెదురు గొట్టంలోనో మందు మరీ గట్టిగా కూరితే గొట్టమే పగిలిపోతుంది. ఇనుము ఆ ఒత్తిడిని తట్టుకుంటుంది. దాంతో మందు బాగా దట్టించి, దాదాపు కిలోమీటరు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ దూరం వదలగలిగారు. ఆ కాలంలో యూరప్ సైన్యాల దగ్గర దీనికి సాటి రాకెట్ లేదు. దిశ తప్పకుండా గొట్టానికి పొడవాటి వెదురు కర్ర కట్టేవారు. కొన్నింటికి కర్ర బదులు కత్తే కట్టారు! లండన్‌లోని ఊల్విచ్‌కు చేరిన ఒక మైసూరు రాకెట్‌లో గొట్టం సుమారు 25 సెంటీమీటర్లు, కత్తి మాత్రం మీటరు పొడవు.

1780 సెప్టెంబరు 10న కాంచీపురం దగ్గర పొల్లిలూరులో కర్నల్ బెయిలీ సేన మందుగుండు బండ్లు పేలిపోయాయి. రాకెట్లు తగిలే పేలాయని చాలామంది రాశారు. కంపెనీ సేన అక్కడ చిత్తుగా ఓడింది. 1799 ఏప్రిల్ 5 రాత్రి శ్రీరంగపట్నం బయట సుల్తాన్‌పేట తోపులో ఆర్థర్ వెల్లస్లీ చీకట్లో రాకెట్లు, తుపాకుల దెబ్బకు చెల్లాచెదురై వెనక్కి తగ్గాడు. తర్వాత వాటర్లూలో నెపోలియన్‌ను ఓడించింది ఈయనే. ఆ దండయాత్రలో హైదరాబాద్ నిజాం సేనలు కూడా ఇంగ్లిష్ వాళ్ల పక్షానే, అదీ వెల్లస్లీ చేతి కిందే ఉన్నాయి. అంటే మనవాళ్లు ఈ రాకెట్లను ఎదుటి వైపు నుంచి చూశారన్నమాట.

లోపాలు లేవని కాదు. గురి కుదిరేది కాదు. గుర్రాలను బెదరగొట్టడానికి, గుంపులను చెదరగొట్టడానికి బాగా పనికొచ్చేది గానీ ఫిరంగి పని దీనితో కాదు. 1799 మే 4న కోట పడిపోయింది, టిప్పు పోరాడుతూ చనిపోయాడు.

కోటలో దొరికిన రాకెట్లు ఇంగ్లండ్ చేరాయి. ఊల్విచ్‌లో విలియం కాంగ్రీవ్ వాటి ఆధారంగా సొంత రాకెట్లు తయారుచేశాడు. 1807లో కోపెన్‌హాగెన్ నగరం మీద దాడిలో వాటిని కూడా వాడారు. అమెరికా జాతీయ గీతంలో వినిపించే రాకెట్లు కూడా 1814లో బాల్టిమోర్ మీద ఇంగ్లిష్ నౌకలు వదిలిన కాంగ్రీవ్ రాకెట్లే. కాంగ్రీవ్ ప్రయోగాలు చేసి మెరుగుపరిచాడు, కాదనలేం. కానీ పేరంతా ఆయనకే పోయింది, ఆ ఇనుప గొట్టాలు కొట్టిన మైసూరు కమ్మరుల పేరు ఒక్కటీ మిగల్లేదు.

1963లో అమెరికాలోని వాలప్స్ కేంద్రానికి వెళ్లిన అబ్దుల్ కలాం, అక్కడి గోడ మీద టిప్పు సైన్యం రాకెట్లు వదులుతున్న చిత్రం చూసి ఆశ్చర్యపోయారు.

2018లో కర్ణాటకలోని శివమొగ్గ జిల్లా నగర గ్రామంలో పాత బావి తవ్వుతుంటే మట్టికి మందు వాసన వచ్చింది. ఇంకా తవ్వితే 1000కి పైగా తుప్పు పట్టిన రాకెట్లు బయటపడ్డాయి.