నీటికి ఉన్న కొలత నడుముకి లేదు

ఫ్లోరోసిస్ చరిత్రని మనం ఎక్కువగా నీళ్ల చరిత్రగానే చెప్పుకుంటాం. 1937లో షార్ట్, అతని సహచరులు అప్పటి నెల్లూరు జిల్లాలో ఈ జబ్బుని గుర్తించి రాశారు. 1955లో సిద్దిఖీ నల్లగొండ రోగుల గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. 1970లలో నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ని తేర్చే పద్ధతి రూపొందిస్తే, దానికి 'నల్లగొండ టెక్నిక్' అని పేరొచ్చింది. 2015 జూన్‌లో ఇంటింటికీ నల్లా నీళ్ల పథకానికి పైలాన్ వెలిసింది కూడా ఇక్కడే, చౌటుప్పల్‌లో. నీటికి గీత కూడా ఉంది: లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు.

మరి మనిషికి? ఫ్లోరైడ్ ఎముకల్లో పేరుకుంటుంది, ముదిరితే కీళ్ల చుట్టూ ఉన్న లిగమెంట్లూ గట్టిపడతాయి. మెడ, వెన్ను బిగుసుకుపోతాయి. దీన్ని పట్టుకోవడానికి పైసా ఖర్చులేని మూడు పరీక్షలున్నాయి. మోకాళ్లు వంచకుండా నేలమీది రూపాయి బిళ్ల తీయగలరా? గడ్డం ఛాతీకి ఆనించగలరా? చేతులు చాచి, మడిచి తల వెనక తాకించగలరా? ఊళ్లో ఎవరికి జబ్బు ఉందో వెతకడానికి ఇవి చాలు. కానీ జవాబు ఔను, కాదు, అంతే. నిరుడు ముప్పై డిగ్రీలు వంగి, ఈ ఏడు నలభై అయిదు వంగిన మనిషికి రెండుసార్లూ 'కాదు' అనే రాస్తారు.

సాఫ్ట్‌వేర్ రాసేవాడిగా నాకు ఇక్కడే ఇంకో చరిత్ర గుర్తొస్తుంది. 1990ల మొదట్లో కార్ల ఎయిర్‌బ్యాగుల కోసం సిలికాన్ చిప్పులో ఒక సూక్ష్మమైన బరువుని స్ప్రింగులకి వేలాడదీశారు. గుద్దుకుంటే ఆ బరువు కదులుతుంది. అదే రకం చిప్పు తర్వాత ఫోన్లలో చేరి బాగా చవకైంది. కదలకుండా ఉన్నప్పుడు దానికి తెలిసేది భూమ్యాకర్షణ ఒక్కటే కాబట్టి, తను ఎంత వాలి ఉందో చెప్పగలదు. ఒకటి తుంటి దగ్గర, ఒకటి మెడ కింద కడితే ఆ రెండు వాలుల తేడాయే వెన్ను వంగిన కోణం. 2010లో వచ్చిన బ్లూటూత్ 4.0తో బిళ్ల బ్యాటరీ మీదే, వైరు లేకుండా ఆ అంకె ఫోనుకి చేరడం వీలైంది. వైరు తగులుతుందేమోనని రోగి ఆగి ఆగి వంగక్కర్లేదు.

ఇబ్బందులూ ఉన్నాయి. నిటారుగా కూర్చుని మెడ పక్కకి తిప్పితే భూమ్యాకర్షణ దిశ మారదు, ఆ చిప్పుకి ఏమీ తెలియదు. దానికి జైరోస్కోప్ కావాలి, అది కాసేపటికే లెక్క తప్పుతుంది. చీర మీద కట్టిన పట్టీ జారితే కోణమూ తప్పే. పైగా నొప్పిని ఇది కొలవలేదు.

అయినా దీని అవసరం ఇప్పుడే ఎక్కువ అంటాను. నీళ్లు మారినా ఎముకలో చేరిన ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి ఉండిపోతుంది. నీటి పరీక్ష బాగుందంటే జబ్బు తీరిందనుకోవడం తేలిక. అవే మూడు పరీక్షలు, అదే మనిషికి, ఏడాదికోసారి డిగ్రీల్లో రాసిపెడితే ఆ నడుము ఎటు పోతోందో తెలుస్తుంది. ఫిజియోథెరపీ ఎవరికి పనిచేస్తోందో, ఎవరికి ఇంకేదైనా కావాలో అప్పుడు అడగొచ్చు.