అక్కకెట్లుంది?

కళ్యాణదుర్గం దాటి ఊళ్లోకి వచ్చారు. జూన్ నెల. దున్నిన ఎర్రనేల పదును కోసం చూస్తోంది. గుట్ట మీద గాలిమరలు మాత్రం ఆగకుండా తిరుగుతున్నాయి. పంచలో ఆడవాళ్లు విత్తనానికి బుడ్డలు ఒలుస్తున్నారు. చాట జరిపి మీకూ చోటిస్తారు. గోడకానుకుని కూర్చున్నామెను చూడండి. నాలుగు నెలల కింద తమ్ముడికి కిడ్నీ ఇచ్చింది.

“మీ తమ్మునికి ఎట్లుండాది వదినా?”

“బాగుండాడు. క్రియాటినిన్ తగ్గింది.”

ఎవరొచ్చినా ఇదే అడుగుతారు. ఆమె లేచి తిరుగుతోంది, వండి పెడుతోంది. ఊరి లెక్కలో రోగి తమ్ముడొక్కడే.

కిడ్నీ ఇచ్చాక నిండుగా బతికినవాళ్లున్నారు. 1954 డిసెంబర్ 23న బోస్టన్‌లో కవల సోదరుడికి కిడ్నీ ఇచ్చిన రోనాల్డ్ హెరిక్ 2010 దాకా బతికాడు. బడిలో లెక్కలు చెప్పాడు, సేద్యం చేశాడు. మిగిలిన కిడ్నీ కొన్ని వారాల్లోనే పని పెంచుకుంటుంది, రెండూ చేసిన పనిలో దాదాపు 70 శాతం ఒక్కటే చేస్తుంది. డాక్టర్లు ఈమెకూ ఆ ధైర్యమే చెప్పి పంపారు. ఇక బరువెత్తొచ్చన్నారు కూడా. అయినా బిందె దగ్గరికి పోతే చెయ్యి పొత్తికడుపు మీదికి పోతుంది. “పుట్టింటికి ఇచ్చొచ్చి, ఇక్కడ నీళ్లు మొయ్యలేనంటాది” అని అత్త గొణుగుతుంది. సంతలో ఒకామె ఎంతకిచ్చావని అడిగింది. అవయవాలు అమ్మడం 1994 చట్టం ప్రకారం నేరం. రూపాయి తీసుకోలేదని సంతకం పెట్టి ఇచ్చిన మనిషికి ఆ మాట ఎక్కడ తగులుతుందో ఆలోచించండి.

వీటన్నిటికంటే తమ్ముడి మర్యాద ఆమెను ఎక్కువ బాధపెడుతోంది. జడ పట్టి లాగినవాడు, మాటకు మాట అనేవాడు, ఇప్పుడు ఏం చెప్పినా “సరే అక్కా” అంటాడు. ఉగాదికి ఖరీదైన చీర తెచ్చాడు, మొహం చూసి మాట్లాడలేదు.

ఇచ్చినవాళ్లకు కూడా ఏటా బీపీ, మూత్రం, క్రియాటినిన్ చూడాలి. ఆరోజైనా ఎదురుగా కూర్చుని, రాత్రుళ్లు నిద్ర పడుతోందా అని అడిగే మనిషి ఉండి తీరాలంటాను. సర్జరీ ముందు అన్ని ప్రశ్నలు వేసి, తర్వాత వదిలేయడం అన్యాయం.

ఫోన్ మోగింది. తమ్ముడే. ఎల్లుండి బెంగుళూరులో చెకప్పట.

“నేనూ వస్తా. నా ఫైలూ చూపించాల.”

“నీకేమైందక్కా, బాగనే ఉండావు కదా?”

“బాగుండానని నీకెవరు చెప్పిరి? ఎప్పుడన్నా అడిగితివా?”

ఒలిచే చేతులన్నీ ఆగాయి. అవతలా గొంతు లేచింది. “నువ్వు చెప్తే కదా తెలిసేది! ఫోన్ చేస్తే నా మాత్రల సంగతే అడుగుతావు!”

“ఎదురు మాట్లాడొద్దు. ఆరింటి బస్సు. ఆలస్యం చేస్తే తంతా.”